పిల్ వేసుకోవడం మర్చిపోయారా? ముందు షీటు తీసి లెక్క చూడండి

రాత్రి పడుకోబోతూ బీరువాలో బట్టల కింద దాచిన గర్భనిరోధక మాత్రల షీటు తీశారు. నిన్నటి మాత్ర అలాగే ఉంది. మొన్నటిదీ ఉంది. మొన్న పుట్టింటి నుంచి తిరుగు ప్రయాణం, నిన్న పిల్లాడికి జ్వరం, ఇక మాత్ర ఎక్కడ గుర్తుంటుంది! గుండె గుభేలుమంటుంది. ఈ టెన్షన్‌లో కొందరు మర్చిపోయినవన్నీ ఒకేసారి మింగేస్తారు. ఇంకొందరు "ఈ నెల ఎలాగూ పోయింది, డేట్ వచ్చాక కొత్తది మొదలుపెడదాం" అని షీటు పక్కన పడేస్తారు. మొదటి పనికి కడుపులో తిప్పడం తప్ప ఫలితం ఉండదు. రెండోది మాత్రం నిజంగా కొంప ముంచుతుంది. ఎందుకో కింద చెబుతాను, ముందు చేయాల్సింది చూద్దాం.

ఏ మాత్రో తేల్చుకోండి

మన దగ్గర ఎక్కువమంది వాడేది రెండు హార్మోన్లు కలిపిన మాత్ర. ఆశా కార్యకర్త తెచ్చిచ్చే, పీహెచ్‌సీలో దొరికే మాలా-ఎన్ అదే. మందుల షాపులో కొనే మాలా-డి కూడా అదే. రెండింటిలోనూ లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు ఉంటాయి. షీటులో 28 మాత్రలు. వాటిలో 21 హార్మోన్ మాత్రలు. చివరి ఏడు ముదురు రంగువి, వట్టి ఐరన్ మాత్రలు. డాక్టర్లు రాసే ఖరీదైన రకాల్లో 21 మాత్రలే ఉండి, తర్వాత ఏడు రోజులు ఖాళీ వదలమంటారు. కొన్ని కొత్త రకాల్లో 24 హార్మోన్‌వి, 4 ఉత్తవి ఉంటాయి. మీది ఈ చివరి రకమైతే, లేదా ఈస్ట్రోజన్ 0.02 మిల్లీగ్రాములే ఉన్న తక్కువ డోసు రకమైతే, పెట్టెలోని కాగితంలో మర్చిపోతే ఏం చేయాలో రాసినదే పాటించండి.

వారానికోసారి వేసుకునే ఛాయా, బాలింతలకు రాసే ఒకే హార్మోన్ మాత్ర, పూజలప్పుడు డేట్ వాయిదా వేసుకునే మాత్ర, వీటి లెక్కలు వేరు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు 21, 7 షీటు సంగతి.

మూడు ప్రశ్నలు వేసుకోండి

షీటు చేతిలో పెట్టుకుని చూడండి. ఎన్ని హార్మోన్ మాత్రలు తప్పాయి? షీటులో ఎన్నో వారంలో తప్పాయి? గత ఐదు రోజుల్లో కండోమ్ లేకుండా కలిశారా?

తప్పినవి ముదురు రంగు ఐరన్ మాత్రలైతే ఇక మిగతాది చదవక్కర్లేదు. వాటిలో గర్భం ఆపే గుణమే లేదు. తప్పిన వాటిని పారేసి, కొత్త షీటు మాత్రం మొదలుపెట్టాల్సిన రోజునే మొదలుపెట్టండి. ఐరన్ మాత్ర రెండు రోజులు మర్చిపోయానని కొత్త షీటును రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్లున్నారు. చేయకూడని పని సరిగ్గా అదే.

అసలు ఏడు రోజుల కథ

ఇది ఒక్కటి అర్థమైతే మిగతా నియమాలు బట్టీ పట్టక్కర్లేదు.

పిల్ ప్రధానంగా చేసే పని అండాశయం నుంచి అండం విడుదల కాకుండా చూడడం. వరసగా ఏడు హార్మోన్ మాత్రలు పడితే అండాశయం నిద్రలోకి జారుకుంటుంది. తర్వాత ఏడు రోజులు హార్మోన్ లేకపోయినా ఆ నిద్ర చెడదు. అందుకే ఐరన్ మాత్రల వారంలో కలిసినా గర్భం రాదు, ముందు 21, తర్వాత కొత్త షీటు సరిగ్గా వేసుకుంటే. కానీ ఆ ఏడు రోజులు దాదాపు హద్దు. ఏడో రోజుకే కొందరిలో అండం పెరగడం మొదలవుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది రోజులు హార్మోన్ లేకుండా గడిస్తే అది పూర్తిగా పెరిగి విడుదల కావచ్చు.

ఇప్పుడు చెప్పండి, షీటులో అన్నిటికంటే ప్రమాదమైన మాత్ర ఏది? చాలామంది మధ్యలోవి అనుకుంటారు. ఎందుకంటే మామూలు నెలసరిలో పద్నాలుగో రోజు చుట్టూ అండం విడుదలవుతుందని వినుంటారు. పిల్ వేసుకునేవాళ్లకు ఆ లెక్క లేదు. ప్రమాదమైనవి అంచుల్లో ఉన్నవి, అంటే కొత్త షీటులో మొదటివి, పాత షీటులో హార్మోన్ మాత్రల చివరివి. ఎందుకంటే అక్కడ తప్పితే ఖాళీ ఏడు రోజుల నుంచి తొమ్మిదికో పదికో సాగుతుంది. "ఇప్పుడే కదా డేట్ అయింది, రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెడితే ఏమవుతుంది" అనే మాట వల్ల కడుపు వచ్చినంతగా మధ్యలో ఒక మాత్ర మర్చిపోతే రాదు.

ఒక్క మాత్రే తప్పితే

గుర్తొచ్చిన క్షణమే వేసుకోండి. ఈరోజుది ఈరోజు మామూలు టైముకే వేసుకోండి. అంటే ఒకే రోజు రెండు, ఒక్కోసారి ఒకేసారి రెండు పడవచ్చు. ఏమీ కాదు, కొంచెం వికారంగా ఉండొచ్చు. కండోమ్ అక్కర్లేదు, ఎమర్జెన్సీ పిల్ అక్కర్లేదు. షీటు మామూలుగా కొనసాగించండి. కొన్ని గంటలు ఆలస్యమైందని కంగారు పడేవాళ్లకూ ఇదే జవాబు. ఈ రకం మాత్రలో ఒక రోజు దాకా వెసులుబాటు ఉంది.

రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తప్పితే

కొన్ని కరపత్రాల్లో జాగ్రత్త మూడు మాత్రల నుంచి అని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో లెక్క అదే. అమెరికా వాళ్ల మార్గదర్శకాల్లో రెండు నుంచే. నేనైతే రెండు నుంచే జాగ్రత్త పడమంటాను. వారం రోజులు కండోమ్ వాడితే పోయేదేముంది?

తప్పిన వాటిలో అన్నిటికంటే చివరిది, అంటే నిన్నటిది, వెంటనే వేసుకోండి. దాని ముందువి పారేయండి. పాత బాకీలన్నీ తీర్చక్కర్లేదు. ఈరోజు మాత్ర ఈరోజు టైముకే. ఆ తర్వాత రోజుకొకటి. వరసగా ఏడు హార్మోన్ మాత్రలు పడేదాకా కండోమ్ వాడండి, లేదా కలవకండి.

ఇక ఎన్నో వారమో చూడండి.

మొదటి వారం, అంటే 1 నుంచి 7 లోపు మాత్రలు తప్పి, గత ఐదు రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే, ఎమర్జెన్సీ పిల్ వేసుకోవాల్సిన సందర్భం ఇదే. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఒకే మాత్ర. షాపుల్లో ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 పేర్లతో చీటీ లేకుండానే ఇస్తారు. ఆశా కార్యకర్త దగ్గర ఈజీ పిల్ పేరుతో ఉంటుంది. కలిసిన 72 గంటల లోపు వేసుకోవాలి. 72 గంటలు ఉంది కదా అని రేపటికి వాయిదా వేయకండి, ఎంత త్వరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. మూడు రోజులు దాటి ఐదు రోజుల లోపైతే ఆసుపత్రిలో కాపర్-టీ వేయించుకోవడం అన్నిటికంటే గట్టి మార్గం. అది వేయించుకుంటే రోజూ మాత్ర గొడవే ఉండదు. ఎమర్జెన్సీ పిల్ వేసుకున్నాక రోజువారీ మాత్రలు ఆపకండి. అదే రోజు నుంచి కొనసాగించి ఏడు రోజులు కండోమ్ వాడండి. ఎమర్జెన్సీ పిల్ అప్పటికి జరిగిపోయిన దానికే పనికొస్తుంది, రేపటికి కాదు.

రెండో వారంలో తప్పితే, దానికి ముందు ఏడు మాత్రలు సరిగ్గా పడి ఉంటే, ఎమర్జెన్సీ పిల్ సాధారణంగా అవసరం రాదు. ఏడు రోజులు కండోమ్ చాలు.

మూడో వారం, 15 నుంచి 21 లోపు తప్పితే ఒక్క చిన్న మార్పు. ఉన్న హార్మోన్ మాత్రలు పూర్తి చేసి, ఆ ఐరన్ ఏడూ పారేసి, మర్నాడే కొత్త షీటు మొదటి మాత్ర వేసుకోండి. 21 మాత్రల రకమైతే ఖాళీ వారం వదలకండి. పైన చెప్పిన అంచు సంగతి గుర్తుందిగా, ఖాళీ సాగకుండా చూడడమే ఇక్కడ ఉద్దేశం. కొత్త షీటు దగ్గర లేకపోతే వెంటనే తెచ్చుకోండి. అది దొరికేదాకా, దొరికాక ఏడు మాత్రలు పడేదాకా కండోమ్ వాడండి.

వారం, అంతకంటే ఎక్కువ రోజులు అసలు వేసుకోనే లేదంటే దాన్ని మర్చిపోవడం అనరు, మానేయడం అంటారు. ఆ మధ్యలో కలిసి ఉంటే ముందు ఏఎన్‌ఎంనో డాక్టర్‌నో కనుక్కుని, పరీక్ష చేసుకుని కొత్తగా మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాలి.

బ్లీడింగ్ మొదలైంది. ఇప్పుడేంటి?

అన్నిటికంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

రెండు మాత్రలు తప్పాయి. రెండు మూడు రోజులకు మరకలు కనిపించాయి, లేదా మామూలు డేట్ లాగే బ్లీడింగ్ మొదలైంది. "హమ్మయ్య, డేట్ వచ్చేసింది, గర్భం లేదు" అనుకుని మాత్రలు ఆపేస్తారు. ఐదో రోజు కొత్త షీటు మొదలుపెడదామనుకుంటారు. లెక్క వేయండి. మాత్రలు తప్పింది రెండు రోజులు, తర్వాత ఆపింది ఐదు రోజులు, ఆ పైన కొత్త షీటు కొనుక్కోవడానికి ఒకటో రెండో రోజులు. మొత్తం ఎనిమిది తొమ్మిది రోజులు హార్మోన్ లేదు. మొదట చెప్పిన కొంప మునిగే పని ఇదే.

ఆ బ్లీడింగ్ ఏమిటో తెలిస్తే ఈ పొరపాటు జరగదు. పిల్ వేసుకునే రోజుల్లో వచ్చేది అసలు నెలసరి కాదు. మామూలు నెలసరిలో అండం విడుదలవుతుంది, గర్భం రాకపోతే శరీరంలోని హార్మోన్లు తగ్గుతాయి, అప్పుడు గర్భాశయం లోపలి పొర రాలుతుంది. పిల్ మీద ఉన్నప్పుడు అండమే విడుదల కాదు. ఆ పొరను నిలబెట్టి ఉంచేది మాత్రలోని హార్మోన్. అది ఆగగానే పొర రాలుతుంది. ఐరన్ మాత్రల వారంలో మూడో రోజుకో నాలుగో రోజుకో బ్లీడింగ్ రావడానికి కారణం ఇంతే. మధ్యలో రెండు మాత్రలు మర్చిపోయినా పొరకు తేడా తెలియదు, ఐరన్ వారం వచ్చేసిందనుకుని కాస్త రాలుతుంది. కాబట్టి ఆ రక్తం "గర్భం లేదు" అని చెప్పే సాక్ష్యం కాదు. "హార్మోన్ తగ్గింది" అని మాత్రమే చెబుతుంది.

అందుకే బ్లీడింగ్ అవుతున్నా సరే, మాత్ర ఆపకండి. ప్యాడ్ పెట్టుకోండి, రోజూ మాత్ర వేసుకోండి. రెండు మూడు రోజుల్లో, మహా అయితే వారంలో మరకలు తగ్గిపోతాయి. కొన్నిసార్లు తర్వాతి ఐరన్ వారంలో బ్లీడింగ్ చాలా తక్కువగా వస్తుంది, ముందే పొర కొంత రాలిపోయింది కాబట్టి. మూడో వారంలో తప్పి ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త షీటుకు వెళ్లినవాళ్లకు ఆ నెల డేట్ అసలు రాకపోవచ్చు, లేదా కొత్త షీటు మధ్యలో మరకలు పడవచ్చు. "చెడు రక్తం లోపల ఉండిపోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడతారు. లోపల నిల్వ ఉండిపోయే రక్తం అంటూ ఏమీ ఉండదు. హార్మోన్ ఉన్నంతకాలం పొర పలచగా ఉంటుంది, అంతే.

ఎమర్జెన్సీ పిల్ కూడా పడితే ఈ కలవరం ఇంకాస్త పెరుగుతుంది. వారం ముందు బ్లీడింగ్ రావచ్చు, వారం ఆలస్యం కావచ్చు. అందుకే అది వేసుకున్నాక డేట్ కోసం కేలండర్ మీద రోజులు లెక్కపెడుతూ కూర్చోకండి, పరీక్ష రోజును లెక్కపెట్టండి.

పిల్ వాడుతున్నప్పుడు "సేఫ్ రోజులు" లెక్కలు, ఫోన్‌లో అండం విడుదల తేదీ చెప్పే యాప్‌లు పనికిరావు. మాత్రలు తప్పిన నెలలో మరీ పనికిరావు. యాప్‌కు మీరు చెప్పే డేట్ అసలు డేట్ కాదు కదా.

పీసీఓడీకి డాక్టర్ రాసిన మాత్రలు వాడే పెళ్లికాని అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల బాధ గర్భం గురించి కాదు, కాలేజీలో ఉండగా ఉన్నట్టుండి బ్లీడింగ్ మొదలవడం గురించి. మాత్ర తప్పితే మధ్యలో మరకలు సహజం. ఆపకుండా కొనసాగించాలి. అమ్మకు "డేట్ రెండుసార్లు వచ్చింది" అని చెప్పి మరో డాక్టర్ దగ్గరికి పరుగెత్తే ముందు షీటులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి.

పరీక్ష ఎప్పుడు చేసుకోవాలి

మాత్రలు తప్పి, ఐరన్ వారంలో బ్లీడింగ్ రాకపోతే పరీక్ష చేసుకోండి. బ్లీడింగ్ వచ్చినా, ఎప్పటికంటే బాగా తక్కువగా వచ్చి, అనుమానం పీడిస్తుంటే చేసుకోండి. కండోమ్ లేకుండా కలిసిన మూడు వారాల తర్వాత చేసిన పరీక్షలో లేదంటే లేనట్టే. అంతకు ముందు చేసి లేదని వస్తే నమ్మడానికి లేదు, మళ్లీ చేయాలి. పొద్దున్నే లేవగానే వచ్చే మూత్రంతో చేస్తే మేలు. కిట్ షాపులో దొరుకుతుంది. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ పేరుతో ప్రభుత్వం ఇచ్చే కిట్ ఉంటుంది. ఒకటే గీత వస్తే లేదు, రెండు గీతలు వస్తే ఉంది. రెండో గీత పలచగా ఉన్నా ఉన్నట్టే. ఏ గీతా రాకపోతే కిట్ పాడైనట్టు.

పరీక్ష తేలేదాకా మాత్రలు వేసుకుంటూనే ఉండండి. "ఒకవేళ గర్భం ఉంటే ఈ మాత్రలు బిడ్డకు హాని చేస్తాయేమో" అనే భయంతో ఆపేస్తారు. తెలియక వేసుకున్న పిల్స్ వల్ల బిడ్డకు అవకరాలు రావని ఏళ్లుగా చూసిన లెక్కలున్నాయి. గర్భం అని తేలాక ఆపితే సరిపోతుంది.

గర్భం తేలి, వద్దనుకుంటే షాపులో ఎవరో ఇచ్చిన అబార్షన్ కిట్ తెచ్చి వేసుకోకండి. మన దేశంలో 1971 చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. గర్భనిరోధక పద్ధతి విఫలమవడం ఆ చట్టం ఒప్పుకున్న కారణాల్లో ఒకటి. పెళ్లయిందా లేదా అన్నది అడ్డు కాదు. 18 నిండిన ఆడవాళ్లకు వాళ్ల సంతకం చాలు, భర్త సంతకం చట్టం అడగదు. ఏదైనా ఆసుపత్రిలో అడిగితే అది వాళ్ల అలవాటు.

డేట్ తప్పి, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే పరీక్ష కోసం ఆగకండి. ట్యూబులో గర్భం కావచ్చు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మర్చిపోకుండానే తప్పినట్టయ్యేవి

మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల లోపు వాంతి అయితే అది పడనట్టే, ఇంకోటి వేసుకోండి. వాంతులు, విరేచనాలు రెండు రోజులు దాటి సాగితే రెండు మాత్రలు తప్పినట్టు లెక్క, కండోమ్ నియమం పాటించండి.

మందుల్లో కొన్ని పిల్ బలాన్ని తగ్గిస్తాయి. మన దగ్గర అన్నిటికంటే ముఖ్యమైంది టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్. టీబీ కోర్సు మొదలైతే పిల్ మీద ఆధారపడకండి, కోర్సు అయ్యాక కూడా కనీసం నాలుగు వారాల దాకా. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్ కూడా అంతే. డాక్టర్‌కు "నేను పిల్స్ వాడుతున్నాను" అని చెప్పండి, ఆయన అడగరు. జలుబుకు, దగ్గుకు, యూరిన్ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో మాత్రం పిల్‌కు గొడవ లేదు, ఆ మాట ఎంతమంది చెప్పినా.

పూజ మాత్రలు పిల్స్ కావు

వరలక్ష్మీ వ్రతానికో, తిరుమల ప్రయాణానికో, మరిది పెళ్లికో డేట్ అడ్డం రాకూడదని వేసుకునే నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు వేరు. డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు చొప్పున వాడమని రాస్తారు, ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ వస్తుంది. వాటితో గర్భం ఆగుతుందని నమ్మి పిల్స్ ఆపేయకండి. ఆ మోతాదులో, అలా కొద్ది రోజులు వాడితే అవి గర్భనిరోధకాలు కావు.

పైగా పిల్స్ వాడేవాళ్లకు అసలు ఇవి ఎందుకు? చేతిలో ఉన్న షీటుతోనే పని అవుతుంది. హార్మోన్ మాత్రలు అయిపోగానే ఐరన్‌వి వదిలేసి కొత్త షీటు మొదలుపెట్టండి, డేట్ వాయిదా పడుతుంది. పండగ అయ్యాక ఆ షీటు పూర్తి చేసి మామూలుగా ఐరన్ వారం పాటించండి. పూజ మాత్రలు, పిల్స్ రెండూ కలిపి వేసుకుని, ఏది ఎప్పుడు ఆపాలో తెలియక రెండూ సగంలో ఆపిన ఒక బంధువుకు నెల రోజులు మరకలు ఆగలేదు. ఆ నెల ఆవిడ పూజ గదిలోకి అడుగుపెట్టింది ఒక్క రోజే.

ఛాయా వాడేవాళ్లకు

ఇది హార్మోన్ మాత్ర కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో తయారైన సెంట్‌క్రోమన్ అనే మందు, 30 మిల్లీగ్రాములు. షాపుల్లో సహేలి పేరుతో కూడా దొరుకుతుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. రోజూ కాదు కాబట్టి మర్చిపోవడం ఇంకా సులభం. ఆదివారం, బుధవారం అని పెట్టుకున్నవాళ్లు సోమవారం గుర్తొస్తే అప్పుడే వేసుకోవాలి, తర్వాతిది ఎప్పటి రోజునే. మళ్లీ డేట్ వచ్చేదాకా కండోమ్ వాడాలి. ఆలస్యం ఏడు రోజులు దాటితే మొదటి మూడు నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండుసార్లు. దీనితో డేట్ ఆలస్యం కావడం మామూలే, ముఖ్యంగా మొదటి నెలల్లో. అయినా 15 రోజులు దాటి రాకపోతే పరీక్ష చేసుకోండి.

ఒకే హార్మోన్ ఉన్న మాత్రలకు టైము విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. పాత రకాలు మూడు గంటలు దాటి ఆలస్యమైతే చాలు, తప్పినట్టే; డెసోజెస్ట్రెల్ రకానికి పన్నెండు గంటలు. ఆలస్యమైతే గుర్తొచ్చినప్పుడు వేసుకుని రెండు రోజులు కండోమ్ వాడాలి. అమెరికాలో 2023లో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చిన ఓపిల్ ఈ మూడు గంటల రకమే. అక్కడ చదువుకోడానికి వెళ్లిన అమ్మాయిలు మాలా-డి లాగే అనుకుని ఒక రోజు వెసులుబాటు ఉందనుకోకూడదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా మూడు నెలలు దాటి మరకలు ఆగకపోతే, గంటకో ప్యాడ్ తడిసేలా బ్లీడింగ్ అయితే, కలిసినప్పుడల్లా రక్తం కనిపిస్తే వెళ్లండి. పిల్స్ పూర్తిగా మానేశాక మూడు నెలలైనా డేట్ రాకపోతే వెళ్లండి. సాధారణంగా మానేసిన నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. గర్భం మాత్రం ఆ మొదటి డేట్ కంటే ముందే రావచ్చు.

ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి అత్యవసర విభాగానికి వెళ్లండి. రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువే గానీ, వస్తే ఆలస్యం పనికిరాదు. బీపీ ఎక్కువున్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగే అలవాటున్నవాళ్లు, ఆరు నెలల లోపు బిడ్డకు పాలిస్తున్నవాళ్లు ఈ రెండు హార్మోన్ల మాత్ర వాడకూడదు.

ఇకపై మర్చిపోకుండా

పిల్ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలు మనుషులు మామూలుగా వాడితే వందలో ఏడుగురికి వస్తుంది. తేడా అంతా మరపుదే. కాబట్టి మందును తిట్టే ముందు మాత్ర పెట్టే చోటు మార్చండి. బ్రష్ పక్కన, ఫోన్ చార్జర్ పక్కన, రోజూ చేయి వెళ్లే చోట. ఇంట్లో ఎవరికీ కనిపించకూడదని బీరువాలో మూలకు నెట్టితే మీకూ కనిపించదు. దాచక తప్పకపోతే ఫోన్‌లో రోజూ ఒకే టైముకు అలారం పెట్టి, పేరు "పాలు తోడు" అని రాసుకోండి. అత్తగారు చూసినా అడగరు.

విదేశాలకు వెళ్లేవాళ్లు ఇండియా టైమునే పాటిస్తే సులభం. ఇక్కడ రాత్రి 9కి వేసుకునేవాళ్లకు డాలస్‌లో ఎండాకాలం అది ఉదయం 10:30. చలికాలం 9:30. హ్యాండ్‌బ్యాగులో ఒక కొత్త షీటు, రెండు కండోమ్‌లు ఎప్పుడూ ఉంచుకోండి, చెక్ ఇన్ లగేజీలో కాదు.